అదో రకం బ్రేకు

సోమవారం ఉదయం ఏడుగంటల ఇరవై నిమిషాలకి హాల్వర్ స్ట్రాండ్ అద్దం ముందు నిలబడి ఒక వాక్యం అప్పజెప్పుకున్నాడు. "శనివారం సాయంత్రం మా చర్చిలో చేప భోజనాలున్నాయండీ. జనం వస్తుంటారు." రెండుసార్లు చెప్పుకున్నాక రెండో ముక్క మరీ చొరవగా ఉందేమోననిపించి, "కొందరు వస్తుంటారు" అని మార్చుకున్నాడు. సరస్సు ఒడ్డున ఉన్న ఈ చలి ఊరు డులూత్‌లో ఒక మగమనిషి ఒక ఆడమనిషిని భోజనానికి పిలవడమంటే ఇంతే. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువైనా పెళ్ళి ప్రస్తావన కిందికి వస్తుంది.

హాల్వర్‌కి యాభైతొమ్మిదేళ్ళు. ఊళ్ళో పియానోలన్నిటికీ శ్రుతి చేసేది అతనే. పొద్దున్నే పనిముట్ల సంచీ సైకిలు వెనక కట్టుకుని, కొండమీది ఇంటి నుంచి సరస్సు వైపు దిగిపోతాడు. సాయంత్రం సైకిల్ని బస్సు ముందున్న కొక్కేలకి తగిలించి పైకి వచ్చేస్తాడు. దిగేటప్పుడు ఆ సైకిలు చేసే గోల వీధి మొత్తానికీ పరిచయమే. బ్రేకు రబ్బర్లు రిమ్ముని పట్టుకోగానే సన్నగా ఒక కీచు మొదలై, వాలు పొడుగునా సాగి, చివరి మూలమీద స్టాపు గుర్తు దగ్గర ఆగుతుంది. ఎవరి పియానోలోనైనా ఒక తీగ వెంట్రుకవాసి సడలితే పక్కగదిలోంచి కనిపెట్టేసే మనిషికి, తన బ్రేకు మాత్రం ఏళ్ళ తరబడి వినపడలేదు. ఎదురింటి లవాన్ సండ్వాల్ అనే ఎనభైయేళ్ళ ముసలావిడ బీపీ మాత్ర వేసుకునేది గడియారం చూసి కాదు, ఏడూ నలభైకి ఆ కీచు విని. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఈ ఊళ్ళో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పరు.

ఆ మూలమీది ఇంట్లోకి మే నెలలో ఒఫీలియా అర్చులేటా వచ్చింది. న్యూ మెక్సికో మనిషి. యాభైఆరేళ్ళు ఎండలో మాడాక ఇక చాలనిపించి, పటంలో అన్నిటికన్నా చల్లగా కనిపించిన ఊరు చూసుకుని వచ్చేశానని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పింది. ముందుగదిలో పెద్ద కుట్టుమిషను వేసుకుని సోఫాలకీ పడవ సీట్లకీ కొత్త తొడుగులు కుడుతుంది. రోజూ హాల్వర్ మూల దగ్గర ఆగేసరికి, పేపరు కోసమని ఆవిడ గుమ్మంలోకి వచ్చేది. అది కాకతాళీయమని హాల్వర్ అనుకునేవాడు. చలి గురించి ఒక మాట, సరస్సులో నిలబడ్డ ఓడల గురించి ఒక మాట, అంతే. ఆవిడ నవ్విన రోజున అతనికి పని చకచకా సాగేది. ఆవిడంటే అతనికి ఇష్టం. ఆ సంగతి తనకి తాను ఒప్పుకోవడానికే ఆగస్టు దాకా పట్టింది.

చర్చి కింద గదిలో జరిగే ఆ చేప భోజనాలు ఏడాదికి ఒక్కసారే, అక్టోబరులో. కోటు జేబులో రెండు టికెట్లున్నాయి. ఈ శనివారం దాటిపోతే మళ్ళీ అక్టోబరు. అయిదు నెలలు కూడదీసుకున్న ఈ ధైర్యం ఇంకో ఏడాది చెడిపోకుండా ఉంటుందన్న నమ్మకం హాల్వర్‌కే లేదు.

ఏడూ నలభైకి అతను మూల దగ్గర ఆగాడు. ఒఫీలియా గుమ్మంలోకి వచ్చింది. హాల్వర్ జేబులో చెయ్యి పెట్టి, గొంతు సవరించుకుని, "శనివారం" అనే మాటకి నోరు తెరిచాడు. ఆవిడే ముందు మాట్లాడింది.

"మీ బ్రేకు చప్పుడుందే, అదో రకంగా ఉంటుందండీ. అలాంటిది నేనింకెక్కడా వినలేదు."

హాల్వర్‌కి తల కొట్టేసినట్టయింది. ఈ ఊళ్ళో ఎవరూ దేన్నీ బాగాలేదనరు. కూర మాడినా, కొత్త కోటు ఎబ్బెట్టుగా ఉన్నా, "అదో రకంగా ఉంది" అంటారు. దానికి మించిన తిట్టు వాళ్ళ దగ్గర లేదు. వెనకటి పాస్టరుగారు ప్రార్థన మధ్యలో డప్పు వాయించినప్పుడు ముగ్గురు పెద్దవాళ్ళు ఆ మాట అన్నారు. ఈస్టరుకల్లా ఆయన అయోవా వెళ్ళిపోయాడు. హాల్వర్ పాతికేళ్ళ వయసులో పెళ్ళి చేసుకుంటానని ఒకమ్మాయిని ఇంటికి తీసుకొస్తే, ఆ పిల్ల వెళ్ళాక అతని తల్లి అన్నదీ ఆ ఒక్క మాటే. హాల్వర్ ఇప్పటికీ బ్రహ్మచారే.

"అవునండీ," అన్నాడు. పెడలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. టికెట్లు జేబులోనే ఉండిపోయాయి. ఆ రోజు స్కూలు పియానో మూడుసార్లు శ్రుతి చేసినా నిలవలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే సైకిల్ని పెరట్లో తలకిందులుగా నిలబెట్టాడు. బ్రేకు బాగుపడితే మళ్ళీ మొహం చూపించొచ్చు, మొహం చూపించగలిగితే శనివారం సంగతి మాట్లాడొచ్చు, అదీ అతని లెక్క. రిమ్ములు స్పిరిటుతో తుడిచాడు. రబ్బర్లు విప్పి గరుకుకాగితంతో రుద్దాడు. మళ్ళీ బిగించి సందులో ఒకసారి దిగి చూశాడు. కీచు అలాగే ఉంది. అయితే ఇప్పుడు మొదటిసారి దాన్ని చెవిపెట్టి విన్నాడు. ఎఫ్ షార్ప్ స్వరానికి వెంట్రుకవాసి కింద పలుకుతోంది. ముప్పై అయిదేళ్ళ అలవాటు ఊరుకుంటుందా, రబ్బర్లు అటూ ఇటూ జరిపి, తీగ బిగించి, నాలుగోసారి దిగేటప్పటికి స్వరం అణువంత కూడా తేడా లేకుండా కుదిరింది. హాల్వర్‌కి బలే తృప్తిగా అనిపించింది. సందు చివర సైకిలు ఆగాక గానీ, తను చేయాల్సింది దాన్ని శ్రుతి చేయడం కాదు, నోరు మూయించడమని గుర్తుకు రాలేదు.

రబ్బరు ముందు అంచు రిమ్ముకి ముందుగా తగిలేలా రవంత ఏటవాలుగా బిగిస్తే కీచు పోతుందని అతను ఎక్కడో విన్నాడు. బిగించేటప్పుడు వెనక అంచు కింద మడతపెట్టిన అట్టముక్క పెడితే చాలు. హాల్వర్ అట్టముక్క ముందు అంచు కింద పెట్టాడు. ఈసారి దిగితే ముందు చక్రం ఒక స్వరం, వెనక చక్రం ఇంకో స్వరం అందుకున్నాయి. ఆ రెండూ ఎక్కడా కలవవు. పక్కింటి కుక్క తనంతట తనే ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున్న మూలింటి వైపు వెళ్ళే మొహం లేక, సైకిల్ని వెనక సందులోంచి నడిపించుకుంటూ రెయినో కోస్కెలా గరాజుకి తీసుకెళ్ళాడు. రెయినో చిన్ననాటి స్నేహితుడు. గడ్డి కోసే మిషన్లు, సైకిళ్ళు, మంచు ఎత్తిపోసే యంత్రాలు బాగుచేస్తాడు. ఫిన్లండు నుంచి వచ్చిన వాళ్ళ తాతలాగే రెయినో కూడా మాటల్ని పొదుపుగా వాడతాడు. సైకిల్ని చూశాడు, ఒకసారి తొక్కి చూశాడు, చెవిలో వేలు పెట్టుకున్నాడు.

"ఇదెవడు చేశాడు?"

"నేనే."

"పియానోలు చూసుకో నువ్వు," అన్నాడు రెయినో.

ముందూ వెనకా రబ్బర్లు విప్పి, రుద్ది, అట్టముక్క పెట్టాల్సిన చోట పెట్టి అరగంటలో బిగించేశాడు. రబ్బర్లు అరిగిపోయాయనీ, ఇంకో నెల లాగుతాయనీ, మంచు పడేలోపు మార్చాలనీ చెప్పాడు. హాల్వర్ గరాజు ముందు వాలులో దిగి బ్రేకు నొక్కాడు. సైకిలు ఆగింది. చప్పుడు లేదు. తను వేరే ఎవరి సైకిలో ఎక్కినట్టనిపించింది.

బుధవారం ఆ మౌన వాహనం మీద ఆశగా దిగాడు. ఆ వారమంతా సరస్సు మీంచి పొగమంచు కొండ మీదికి పాకి, ఎదురిల్లు ఎదురింటికి కనపడకుండా ఉంది. మూల దగ్గర నిశ్శబ్దంగా ఆగాడు. లోపల కుట్టుమిషను రొద వినిపిస్తోంది. గుమ్మంలోకి ఎవరూ రాలేదు. ఈ ఊళ్ళో ఒకరి ఇంటిముందు ఊరికే రెండు నిమిషాలు నిలబడ్డవాడు కారణం చూపించాలి, అందుకని కూర్చుని సైకిలు గొలుసు పరీక్షించాడు. గొలుసు బాగానే ఉంది. ఆవిడ రాలేదు.

గురువారమూ అంతే. ఆ రోజు రెండుసార్లు దగ్గాడు కూడా. మిషను ఆగలేదు. బెల్లు కొడితే అరిచి పిలిచినట్టుంటుంది, తలుపు తడితే ఇంటిమీదికి వెళ్ళినట్టుంటుంది. ఇక హాల్వర్‌కి అనుమానం లేకపోయింది. బ్రేకు బాగుచేయించడం ఆలస్యమైపోయింది, ఆవిడ మొహం చూడ్డానికి కూడా ఇష్టపడటం లేదు. మనసు చివుక్కుమంది. ఆ బాధ ఎవరితోనైనా చెప్పుకుంటే బాగుండుననిపించింది గానీ, అతనికి ఆ విద్య రాదు.

ఇక్కడ హాల్వర్‌కి తెలియని సంగతొకటి చెప్పాలి. మంగళవారం లవాన్ మాత్ర వేసుకోవడం మర్చిపోయింది. మధ్యాహ్నానికి తల తిరిగింది. ఎందుకు మర్చిపోయానా అని ఆలోచిస్తే, పొద్దున్న హాల్వర్ కీచు వినపడలేదని తట్టింది. బుధవారమూ వినపడలేదు. పొగమంచులో మనిషీ కనపడలేదు. పద్దెనిమిదేళ్ళుగా మంచు తుపానుకి కూడా ఆగని మనిషి రెండు రోజులు పనికి వెళ్ళలేదంటే ఏమనుకోవాలి? అడుగుదామంటే అడగడం మర్యాద కాదు. అందుకని బంగాళాదుంపలు, మాంసం, పుట్టగొడుగుల సూపు కలిపి పళ్ళెంలో పరిచి పొయ్యిలో కాల్చి, అడుగున తన పేరు రాసిన కాగితం అంటించి, హాల్వర్ గుమ్మంలో పెట్టి వచ్చేసింది. దాన్ని ఇక్కడ హాట్‌డిష్ అంటారు. ఒంట్లో బాగాలేని ఇంటికి ఒకటి వెళ్తుంది. ఆసుపత్రి దాకా వస్తే మూడు. అంతకుమించి వెళ్ళాయంటే చర్చిలో అంత్యక్రియలకి పువ్వులు చెప్పే వేళయిందన్నమాట.

బుధవారం సాయంత్రం హాల్వర్ బస్సు దిగి వచ్చేసరికి గుమ్మంలో మూడు హాట్‌డిష్‌లున్నాయి. లవాన్ పెట్టింది చూసి ఇంకో రెండిళ్ళవాళ్ళూ పెట్టారు. గురువారానికి తొమ్మిది. ఫ్రిజ్‌లో పట్టక పియానో మీద కూడా పెట్టాల్సి వచ్చింది. హాల్వర్ వాటి మధ్య కూర్చుని ఆలోచించాడు. విషయం అర్థమైపోయింది. మూలింటి ఆవిడ తన బ్రేకుని అదో రకం అన్న సంగతి ఊరంతా పాకింది. తన పరువు పోయినందుకు ఇవి పరామర్శలు. అంతమంది అన్నేళ్ళు తన బ్రేకు భరించి, పైగా ఇప్పుడు తననే ఓదారుస్తున్నారనుకుంటే సిగ్గుతో చచ్చినంత పనైంది. తొమ్మిది కార్డులు తీసి ఒకే సంగతి తొమ్మిదిసార్లు రాశాడు.

"మీ ఆదరణకి కృతజ్ఞుణ్ణి. ఇన్నేళ్ళూ మీరంతా ఓర్చుకున్నారని నాకు ఇప్పుడే తెలిసింది. మంగళవారం రెయినోని కలిశాను. ఇక అంతా నిశ్శబ్దం. ఇకమీదట మీలో ఎవరికీ నావల్ల ఇబ్బంది ఉండదు. హాల్వర్."

శుక్రవారం పొద్దున్న పనికి వెళ్తూ, ఆ పొగమంచులోనే, తొమ్మిది తలుపుల కిందా తోసేశాడు.

లవాన్ కార్డు రెండుసార్లు చదివి కుర్చీలో కూలబడింది. రెయినో ప్రసక్తి ఎందుకొచ్చిందో అర్థం కాక అతనికి ఫోను చేసింది. అయినా నేరుగా అడగలేదు.

"హాల్వర్ సంగతి తెలుసా నాయనా?"

"తెలుసు."

"ఎలా ఉంది మరి?"

"అరిగిపోయింది," అన్నాడు రెయినో. "ఇంకో నెల వస్తుంది."

ఆవిడ ఫోను పెట్టేసి, వెంటనే మళ్ళీ తీసి, పాస్టర్ సోల్వేకి చేసింది. మధ్యాహ్నానికి చర్చిలో ప్రార్థనల జాబితాలో హాల్వర్ పేరు అందరికన్నా పైకి వచ్చింది.

సాయంత్రం సోల్వే వచ్చింది. చిన్న వయసుదే, ఊరికి కొత్తదేం కాదు, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. హాల్వర్ కాఫీ ఇచ్చి, ఒక హాట్‌డిష్ కోసి పెట్టాడు. పాస్టరు దాకా వెళ్ళిందా ఈ గొడవ అని లోపల్లోపల కుమిలిపోయాడు. ఇద్దరూ కాసేపు పొగమంచు గురించి మాట్లాడుకున్నారు. తర్వాత సోల్వే మెల్లగా అసలు సంగతికి వచ్చింది.

"చాలాకాలంగా ఉందా హాల్వర్‌గారూ?"

"ఏళ్ళే అయింది. మీకూ వినపడేదేమో."

దగ్గు గురించి అనుకుంది సోల్వే. "వినపడేదనుకోండి. మేమెవరం ఏమీ అనుకోలేదు."

"అందరూ ఓర్చుకున్నారు. అందుకే రెయినో దగ్గరికి వెళ్ళి చేయించేశాను."

"చేయించేశారా? రెయినో దగ్గరా?"

"వాళ్ళ గరాజులోనే. అరగంట కూడా పట్టలేదు. ముందుదీ వెనకదీ రెండూ విప్పి, గరుకుకాగితంతో రుద్ది, కాస్త వంచి బిగించేశాడు."

సోల్వే కాఫీ కప్పు కింద పెట్టింది. ఆ అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. మర్యాద తప్పకూడదు గనక, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నేర్చుకున్న మాటే అంది.

"అది... అదో రకంగా ఉంది."

హాల్వర్ తల దించుకున్నాడు. చివరికి పాస్టరమ్మ కూడా. ఇక ఈ ఊళ్ళో తనకి మిగిలిందేముంది?

అతనికి ఇష్టమైన కీర్తనలేవైనా ఉంటే చెప్పమని సోల్వే అడిగింది. ఎఫ్ షార్ప్ లేనివి ఏవైనా పర్వాలేదన్నాడు. శనివారం భోజనానికి రాగలరా అని అడిగింది. హాల్వర్ లేచి కోటు జేబులోంచి రెండు టికెట్లూ తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. ఇక వాటితో తనకి పని లేదనీ, ఎవరికైనా ఉపయోగపడితే సంతోషమనీ చెప్పాడు. సోల్వే కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగింది. పాస్టర్లకి తన బ్రేకు ఇంత మనస్తాపం కలిగించగలదని హాల్వర్ కలలో కూడా అనుకోలేదు.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి తలుపు దడదడలాడింది. ఈ ఊళ్ళో అలా ఎవరూ తట్టరు. హాల్వర్ నడుముకి తువ్వాలు కట్టుకుని లవాన్ పళ్ళెం తోముతున్నాడు. చేతుల నిండా సబ్బుతోనే వెళ్ళి తీశాడు. గుమ్మంలో ఒఫీలియా, చేతుల్లో గుడ్డ చుట్టిన పెద్ద కుండ. పచ్చిమిరపకాయలూ పందిమాంసమూ ఉడికిన ఘాటుకి హాల్వర్ కళ్ళు మండాయి.

"మీరు చచ్చిపోతున్నారా?" అంది ఆవిడ.

హాల్వర్ కాస్త ఆలోచించాడు. "ఎప్పుడండీ?"

"ఇంకో నెలట. లవాన్‌గారు చెప్పారు. నలతగా ఉన్నాడు, అదీ ఇదీ అంటూ గంటసేపు నసిగితే నాకు ముక్క అర్థం కాలేదు. చివరికి ఈ కార్డు చూపించారు. ఏమిటండీ ఇది, ఇక అంతా నిశ్శబ్దమంటారేమిటి?"

"నిశ్శబ్దమేనండీ. బ్రేకు బాగుచేయించాను. నెలలో మార్చాల్సింది రబ్బర్లు."

ఒఫీలియా అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. కుండ గుమ్మంలో దించి, మెట్టుమీద చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తెలియలేదు. తర్వాత కోపం వచ్చిందని తెలిసింది.

"నాలుగు రోజుల నుంచీ పొద్దున్నే మిషను కుడుతున్నా చెవి మాత్రం వీధిలోనే పెడుతున్నాను. ఒక పడవ సీటుకి కుట్టు వంకరపోయి మొత్తం విప్పాల్సి వచ్చింది. దారి మార్చేసుకున్నాడు కాబోలు, నా మొహం చూడ్డం ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. ఉన్న చప్పుడు ఎందుకు తీయించేశారు?"

"మీరేగా అదో రకంగా ఉందన్నారు," అన్నాడు హాల్వర్.

"అవును. అదో రకంగానే ఉంటుంది. నా మిషను రొదలో అంబులెన్సు వెళ్ళినా నాకు వినపడదు. అదొక్కటే వినపడేది. అది వినపడితే మీరేనని తెలిసిపోయేది."

"మీరు పేపరు కోసం వస్తారనుకున్నాను."

"పేపరు నేను ఆరింటికే తీసేసుకుంటానండీ, హాల్వర్‌గారూ."

హాల్వర్ గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. అయిదు నెలల ఉదయాలు ఒకటొకటిగా గుర్తు తెచ్చుకున్నాడు. ఏ ఒక్క రోజూ ఆవిడ చేతిలో పేపరు లేదు. సబ్బునురగ మోచేతుల మీంచి బూట్లమీద పడుతున్నా చూసుకోలేదు. అతనికి ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

ఒఫీలియా జేబులోంచి రెండు టికెట్లు తీసింది. పాస్టరమ్మ వాటిని లవాన్ చేతిలో పెట్టిందనీ, రెండోది ఎవరికోసమో అని వాళ్ళిద్దరూ చర్చించుకున్నారనీ, మూల దగ్గర బ్రేకు ఆగాక హాల్వర్ అక్కడ రోజూ ఎంతసేపు నిలబడేవాడో లవాన్ కిటికీలోంచి చూసేది గనక అవి చివరికి తన ఇంటికి చేరాయనీ చెప్పింది.

"ఒక మనిషికి రెండు టికెట్లెందుకండీ?"

హాల్వర్ గొంతు సవరించుకున్నాడు. "శనివారం సాయంత్రం మా చర్చిలో చేప భోజనాలున్నాయండీ. కొందరు వస్తుంటారు."

"నన్ను రమ్మంటున్నారా?"

ఊరి అలవాటు ప్రకారం దీనికి జవాబుగా వాతావరణం గురించి ఏదో అనాలి. హాల్వర్ ఆ ఊరివాడే, పైగా మూడు తరాల వాడు. అయినా తెగించాడు.

"అవునండీ," అన్నాడు.

సాయంత్రం ఇద్దరూ కలిసి చర్చి కింద గదిలో అడుగుపెట్టేసరికి నూటఇరవై మంది చెంచాలు ఆగిపోయాయి. లవాన్ లేచి వచ్చి హాల్వర్ కుర్చీలో ఒక దిండు వేసింది. ఇద్దరు మనుషులు అతన్ని చెరో చెయ్యీ పట్టుకుని కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ అడగలేదు. పాస్టర్ సోల్వే భోజనానికి ముందు ప్రార్థన చేస్తూ, మన మధ్య ఇంకా ఉన్నవారి కోసం, అది ఎంత కొద్దికాలమైనా సరే, కృతజ్ఞతలు చెప్పుకుందామంది. హాల్వర్ ఏదో చెప్పబోయి, ప్రార్థనకి అడ్డురావడం బాగుండదని ఊరుకున్నాడు. ఒఫీలియాకి అటువంటి ఇబ్బందులేం లేవు. లేచి నిలబడింది.

"ఈయనకేం కాలేదండీ. సైకిలు బ్రేకు బాగుచేయించుకున్నారు, అంతే."

గది కాసేపు ఆ మాట నమిలింది. ఊపిరి పీల్చుకున్నవాళ్ళు పీల్చుకున్నారు. హాట్‌డిష్‌లు పంపిన తొమ్మిది మందీ తమ పళ్ళెం తిరిగి ఎప్పుడొస్తుందా అని హాల్వర్ వైపు చూశారు. సోల్వే ముందురోజు కాఫీ దగ్గర విన్నదంతా మళ్ళీ మొదటి నుంచి గుర్తుచేసుకుని, రెయినో వైపు చూసి, క్షమించమన్నట్టు తల వంచింది. రెయినో ఎందుకో తెలియక తనూ తల వంచాడు. సంతోషపడనిది లవాన్ ఒక్కతే.

"బానే ఉంది. సోమవారం నుంచి నా మాత్ర సంగతేమిటి మరి?" అంది. ఎనభైయేళ్ళలో ఆవిడ నోట వచ్చిన మొదటి ఫిర్యాదు అదే కావచ్చు.

కీచు మళ్ళీ పెట్టించే పని రెయినో మీద పడింది. మంచి బ్రేకుని చెడగొట్టే పని తన గరాజులో జరగదని అతను ఖండితంగా చెప్పేశాడు. ఎలా చెడగొట్టాలో తనకి తెలుసని హాల్వర్ అన్నాడు. అందులో అబద్ధం లేదు.

ఇంతలో పళ్ళేలు వచ్చాయి. లూటఫిస్క్ అంటే ఎండబెట్టిన చేపని రోజుల తరబడి క్షారంలో నానబెట్టి, కడిగి, ఉడికించి, మీద కరిగిన వెన్న పోసేది. పళ్ళెంలో తెల్లగా, వణుకుతూ ఉంటుంది. తాతల నాటి నుంచి ఈ జనం ఏడాదికొకసారి దాన్ని భక్తితో తింటారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పట్టనట్టే నటిస్తూ ఒఫీలియా వైపు చూస్తున్నారు. ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. చాలాసేపు ఉంచుకుంది. మింగింది. ఎలా ఉందని సోల్వే అడిగింది.

"అదో రకంగా ఉందండీ," అంది ఒఫీలియా.

హాల్వర్ ఆవిడ వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"మీ అర్థంలోనా, మా అర్థంలోనా?"

ఒఫీలియా మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. "మీ అర్థంలోనే," అంది.

హాల్వర్ తన పళ్ళెంలోని బంగాళాదుంపలు ఆవిడ పళ్ళెంలోకి మార్చి, ఆవిడ చేప తను తీసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ కుండలో మిగిలిన కూరతో మూతి మండుతుండగా పెరట్లో సైకిల్ని తలకిందులుగా పెట్టి, అట్టముక్కని తప్పు వైపున పెట్టి రబ్బర్లు బిగించాడు. రెండు చక్రాల స్వరాలూ ఒకటయ్యేదాకా సందులో పదకొండుసార్లు దిగాడు. ఎఫ్ షార్ప్‌కి వెంట్రుకవాసి కింద అది పలికింది. చెయ్యి దురద పెడుతున్నా దాన్ని సరిచేయకుండా వదిలేశాడు.

సోమవారం ఉదయం ఏడూ నలభైకి మూలింట్లో కుట్టుమిషను ఆగింది, లవాన్ మాత్ర వేసుకుంది.